సినిమాను దగ్గరగా చూడటం ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

విజయనగరంలో మేం కొంతమందిమి ఆదివారాలు కలుసుకుని సినిమాలు చూస్తాం, తర్వాత వాటి గురించి మాట్లాడుకుంటాం. కాలేజీ పిల్లలు, టీచర్లు, రిటైరైన ఉద్యోగులు, షార్ట్ ఫిల్ములు తీసే కుర్రాళ్లు ఉంటారు. బొబ్బిలి, చీపురుపల్లి, శ్రీకాకుళం నుంచి బస్సెక్కి వచ్చేవాళ్లూ ఉన్నారు. కొత్తగా వచ్చినవాళ్లు అడిగే ప్రశ్నలు చాలావరకు ఒకేలా ఉంటాయి కాబట్టి జవాబులు ఇక్కడ రాసిపెడుతున్నాను. కొన్ని సినిమాల కథలు ముగింపుతో సహా బయటపడతాయి. అది ఇష్టం లేనివాళ్లు ముందు ఆ సినిమా చూసి రండి.

సినిమా చూసి ఆనందిస్తే చాలు కదా, ఇంత తరచి చూడటం దేనికి?

ఆనందిస్తే చాలు, ఎవరూ కాదనరు. అయితే ఒక సీను దగ్గర మీ గొంతు పట్టేసింది అనుకోండి. అదే క్షణంలో పక్క సీటాయనకీ, వెనక వరసలో ఉన్నావిడకీ పట్టేసింది. ముక్కూమొహం తెలియని ఇంతమందికి ఒకేసారి అలా ఎందుకయ్యింది? ఎవరో కెమెరా అక్కడే పెట్టాలనుకున్నారు. ఆ ముఖం మీద ఇంకో రెండు సెకన్లు ఆగారు. సరిగ్గా అప్పుడే సంగీతం ఆపేశారు. ఆ పని ఎలా జరిగిందో తెలుసుకోవాలన్న కుతూహలమే మమ్మల్ని ఒకచోట కూర్చోబెడుతోంది.

ఇంకో కారణం ఉంది, నాకు అదే ముఖ్యం. ఎవరిని చూసి నవ్వాలో, ఎవరికి భయపడాలో, ఎవరి చావుకు ఏడవాలో, ఎవరి చావును పట్టించుకోనక్కర్లేదో సినిమా మనకు తెలియకుండానే నేర్పేస్తుంది. అందులో చాలా భాగం డైలాగుల్లో ఉండదు. కెమెరా ఎవరి దగ్గర ఆగింది, ఎవరిని దాటుకుని వెళ్లిపోయింది అన్నదాంట్లో ఉంటుంది.

రివ్యూకీ దీనికీ తేడా ఏమిటి?

టికెట్ డబ్బులు గిట్టుబాటవుతాయా లేదా అన్నది రివ్యూ చెబుతుంది. అది అవసరమే. మేం రేటింగులివ్వం. మొత్తం మీద నచ్చని సినిమాలో కూడా గంటసేపు మాట్లాడుకోదగ్గ సీను ఒకటి దొరుకుతుంది. అందరూ మెచ్చిన సినిమాలో బద్ధకంగా తీసిన సీను కూడా దొరుకుతుంది.

నేను ఎక్కడ మొదలుపెట్టాలి?

మొత్తం సినిమాతో మాత్రం వద్దు. మూడు నాలుగు నిమిషాల సీను ఒకటి తీసుకోండి. ఒకసారి మామూలుగా చూడండి. రెండోసారి సౌండ్ తీసేసి చూడండి. మూడోసారి కళ్లు మూసుకుని వినండి. ఆ తర్వాత కాగితం, పెన్ను పట్టుకుని, బొమ్మ మారిన ప్రతిసారీ ఒక లైను రాయండి: ఎవరు కనబడుతున్నారు, ఎంత దూరంలో ఉన్నారు, కెమెరా కదులుతోందా లేదా, ఏం వినబడుతోంది. ఇది అయ్యేదాకా "దీని అర్థమేమిటి" అని అడగొద్దు. చాలామంది తొందరపడేది ఇక్కడే. చూడకముందే అర్థం చెప్పేస్తారు.

ఆ లైన్లు ముందు పెట్టుకుని ఒకే ఒక్క ప్రశ్న వేయండి: ఇది ఇంకోలా తీసి ఉంటే ఏమయ్యేది? దీన్ని మేం "మార్చి చూడటం" అంటాం. మా పద్ధతిలో సగం ఇదే.

'మాయాబజార్' (1957)లో పడవ పాట తీసుకోండి. దర్శకుడు కె.వి. రెడ్డి, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే. ఆ వెన్నెల గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. అందులో ఎక్కువ భాగం స్టూడియోలో పుట్టించిన వెన్నెల. దాన్ని మెచ్చుకుని ఆగిపోకండి. పడవలో ఎవరెవరు కనిపిస్తున్నారో రాయండి. ముందు అభిమన్యుడు, శశిరేఖ. తర్వాత కృష్ణుడు, రుక్మిణి. ఆఖరికి బలరాముడు, రేవతి కూడా ఆ పాటలోకే వచ్చేస్తారు. ఈ కథలో శశిరేఖ పెళ్లికి అడ్డుపడేది ఆ తల్లిదండ్రులే. ఇప్పుడు మార్చి చూడండి. పాట మొత్తం పడుచు జంట మీదే తీసి ఉంటే అందమైన యుగళగీతం ఒకటి మిగిలేది, పెద్దవాళ్లు అడ్డుగోడల్లా కనిపించేవాళ్లు. అదే నీటి మీద, అదే వెలుగులో, అదే బాణీలో వాళ్లనూ చూపించడంతో ఆ కుటుంబమంతా ప్రేమ తెలిసిన కుటుంబమైపోయింది. అందుకే ఆ పెళ్లి గొడవంతా మనకు వైరంలా అనిపించదు, ఇంట్లోవాళ్ల అలకలా అనిపిస్తుంది. ఒక్క డైలాగు లేకుండా ఇంత పని జరిగింది.

(ఆ సినిమాలో కొన్ని పాటల బాణీలు సాలూరి రాజేశ్వరరావువి. మిగతా సంగీతం ఘంటసాలది. మొదటాయన సాలూరు దగ్గర శివరామపురంలో పుట్టారు, రెండో ఆయన మా విజయనగరం సంగీత కళాశాలలో చదివారు. ఈ మాట వచ్చినప్పుడల్లా మా చర్చ కాసేపు పక్కదారి పడుతుంది. నేను ఆపను.)

షాట్, సీన్, కట్, మిడ్ షాట్... ఈ మాటలన్నీ వచ్చి తీరాలా?

నాలుగైదు వస్తే చాలు. ఒక కట్ నుంచి ఇంకో కట్ దాకా నడిచేది షాట్. ఒకే చోట, ఒకే సమయంలో జరిగేది సీన్. తెర నిండా ముఖం ఉంటే క్లోజప్, నడుం దాకా ఉంటే మిడ్, మనిషి చుట్టూ ఉన్న చోటంతా కనిపిస్తే లాంగ్. కెమెరా ఉన్నచోటే తల తిప్పితే పాన్, తనే కదిలి వెళితే ట్రాలీ. మిగతావి అవసరం పడినప్పుడు వాటంతటవే వస్తాయి. మాట తెలియకపోతే చూసింది చూసినట్టు మామూలు తెలుగులో చెప్పండి.

ఫ్రేములో ముందుగా ఏం చూడాలి?

ఎవరు ఎక్కడున్నారు అన్నది. మన వైపు ఊరి కథలున్న సినిమాల్లో ఇది చాలా తొందరగా పట్టుబడుతుంది. ఎవరు అరుగు మీద కూర్చున్నారు, ఎవరు వీధిలో నిలబడ్డారు? ఎవరి వెనక తలుపు తెరిచి ఉంది, ఎవరి వెనక గోడ ఉంది? కుర్చీలో కూర్చున్నవాడి ముఖం స్పష్టంగా ఉండి, నీళ్లందించే మనిషి చెయ్యి మాత్రమే ఫ్రేములోకి వచ్చి వెళ్లిపోయిందా? ఆ ఇంట్లో ఎవరు మనిషి, ఎవరు పనిముట్టు అన్నది అక్కడే తేలిపోయింది. మంచి దర్శకుడు ఆ చేతికి ముఖం ఎప్పుడిస్తాడో కనిపెట్టండి. కథ మలుపు సాధారణంగా అక్కడే ఉంటుంది.

ఖాళీని కూడా చూడండి. ఇద్దరు మాట్లాడుకుంటున్నప్పుడు మధ్యలో ఎంత చోటు వదిలారు, అది సీను నడిచేకొద్దీ పెరుగుతోందా తగ్గుతోందా?

లైటింగ్ గురించి సామాన్య ప్రేక్షకుడికి ఏం తెలుస్తుంది?

శ్రీకాకుళం వాళ్లు ఈ ప్రశ్న అడిగితే నాకు ఆశ్చర్యం. అరసవల్లి సూర్యదేవాలయంలో ఏడాదికి రెండు విడతలు, మార్చి రెండో వారం మొదట్లోనూ అక్టోబరు మొదటి రోజుల్లోనూ, ఉదయపు కిరణాలు లోపలిదాకా వచ్చి మూలవిరాట్టు పాదాలను తాకుతాయి. కొన్ని నిమిషాలే. వెలుగు ఏ దిక్కు నుంచి రావాలి, దేని గుండా రావాలి, దేని మీద పడాలి, ఎంతసేపు ఉండాలి అన్నీ ముందే ఆలోచించి ఆ గుడి కట్టారు. చుట్టూ చీకటి ఉంది కాబట్టే ఆ పాదాలను మనం చూస్తాం.

సినిమా వెలుగు దగ్గర అడగాల్సినవి కూడా ఆ నాలుగు ప్రశ్నలే. వెలుగు కిటికీ నుంచి వస్తోందా, దీపం నుంచా, ఎక్కడి నుంచో తెలియకుండా అంతటా పరుచుకుందా? ముఖంలో సగం నీడలో ఉంటే ఆ మనిషి చెప్పేది మీరు పూర్తిగా నమ్మగలుగుతున్నారా? ఒకే గది సినిమా మొదట్లో ఎలా వెలిగింది, చివర్లో ఎలా ఉంది? ఈ చివరి ప్రశ్న అన్నిటికన్నా ఎక్కువ ఫలితమిస్తుంది, ఎందుకంటే అర్థం సాధారణంగా ఒక షాట్‌లో కన్నా రెండు షాట్ల మధ్య తేడాలో దొరుకుతుంది.

కెమెరా కింద నుంచి చూపిస్తే గొప్పతనం, పై నుంచి చూపిస్తే బలహీనత అని చదివాను. నిజమేనా?

ఒక్కోసారి. హీరో ఎంట్రీలో చెప్పుల దగ్గర నుంచి కెమెరా లేస్తే గొప్పతనమే. అదే కింది కోణం మంచం కింద దాక్కున్న పిల్లవాడి చూపైతే భయం. పై కోణం ఒకచోట ఒంటరితనం, ఇంకోచోట కేవలం రద్దీ ఎంతుందో చూపడానికి. డిక్షనరీలో మాటకు అర్థం వెతికినట్టు కోణానికి అర్థం వెతికితే ప్రతి సినిమా ఒకేలా కనబడుతుంది. ఆ సినిమా తనలో తాను ఏ అలవాటు ఏర్పరుచుకుందో చూడండి, తర్వాత ఆ అలవాటు ఎక్కడ తప్పిందో చూడండి. అంతా నేల మీద, మనిషి కళ్ల ఎత్తులో నడిచిన సినిమాలో ఒక్కసారే కెమెరా ఆకాశంలోకి లేచిందంటే, దానికి కారణం ఉండాలి.

ఎడిటింగ్ అంటే అతికించడమే కదా, అందులో అర్థం ఏముంటుంది?

సుమారు వందేళ్ల కిందట రష్యాలో లెవ్ కులెషోవ్ అనే దర్శకుడు ఒక ప్రయోగం చేశాడు. ఇవాన్ మొజుఖిన్ అనే నటుడి ముఖం, పెద్దగా ఏ భావమూ లేని షాట్ ఒకటి తీసుకుని, దాని పక్కన ఒకసారి సూప్ గిన్నె, ఒకసారి శవపేటికలో పాప, ఒకసారి ఒక స్త్రీ ఉన్న షాట్లు అతికించాడు. ముఖం అదే. చూసినవాళ్లకు మాత్రం ఒకచోట ఆకలి, ఒకచోట దుఃఖం, ఒకచోట కోరిక కనిపించాయని చెబుతారు. ఆ భావం ఏ ఒక్క షాట్‌లోనూ లేదు. రెండూ పక్కపక్కన పడ్డప్పుడు చూసేవాడి మనసులో పుట్టింది.

దీన్ని నమ్మక్కర్లేదు, ఫోన్లో చేసి చూడండి. స్నేహితుడి ముఖం పది సెకన్లు తీయండి, ఏమీ నటించొద్దని చెప్పండి. పక్కన ఒకసారి పలాస జీడిపప్పు ప్లేటు, ఒకసారి ఆసుపత్రి గేటు, ఒకసారి కదిలిపోతున్న రైలు పెట్టండి. విషయం తెలియనివాళ్లకు చూపించి, వాడేం ఆలోచిస్తున్నాడో అడగండి.

ఇది తెలిశాక న్యూస్ చానళ్లలో ఒక నాయకుడి మాట పక్కన ఏ బొమ్మ వేస్తున్నారో కూడా గమనించడం మొదలవుతుంది. అది మంచిదే.

మంచి నటనను ఎలా వివరించాలి? "జీవించారు" అని తప్ప ఏమీ రావట్లేదు.

శరీరం చూడండి. 'మాయాబజార్'లోనే ఘటోత్కచుడు శశిరేఖ రూపంలో ఉండి పాడే "అహ నా పెళ్ళియంట" పాట ఉంది. తెర మీద సావిత్రి. ఆడపిల్లలా సిగ్గుపడుతూ మెత్తగా కదిలే మనిషి ఉన్నట్టుండి భుజాలు విరిచి, అడుగు దూరం దూరంగా వేస్తుంది. గొంతు కూడా అక్కడే మారుతుంది. ఆడగొంతు పి. సుశీలది, మన విజయనగరం అమ్మాయే. మగగొంతు ఘంటసాలది. ఏ క్షణంలో భుజం మారింది, ఏ క్షణంలో గొంతు మారింది, రెండూ ఒకేసారా, ఒకదాని వెనక ఒకటా? ఇలా రాస్తే "జీవించారు" అన్న మాట అవసరం పడదు.

సౌండ్ గురించి మాట్లాడేటప్పుడు పాటలూ బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్కేనా?

సంగీతం ఉన్నచోటి కన్నా, ఉండాల్సినచోట లేనప్పుడు ఎక్కువ నేర్చుకోవచ్చు. సత్యజిత్ రాయ్ 'పథేర్ పాంచాలి' (1955)లో తండ్రి చాలాకాలానికి ఇంటికొచ్చి కూతురి కోసం తెచ్చిన చీర తల్లి చేతిలో పెడతాడు. కూతురు చనిపోయిందని ఆయనకింకా తెలియదు. తల్లి బద్దలైపోతుంది. ఆ ఏడుపు మనకు వినబడదు. దాని చోట తార్ షెహనాయ్ వాద్యం ఒక్కసారి పైకి లేస్తుంది. మార్చి చూడండి: ఆ తల్లి ఏడుపే వినిపించి ఉంటే ఎవరి ఇంట్లోనో జరిగిన దుఃఖాన్ని పక్కన నిలబడి చూసినట్టుండేది. గొంతు తీసేయడంతో ఎవరి దుఃఖం వాళ్లకు వినబడింది.

ఇక మన దగ్గర ఎప్పుడూ మర్చిపోయే శబ్దం ఒకటుంది: యాస. మా చర్చల్లో అందరికన్నా గట్టిగా మాట్లాడుకునేది దీని గురించే. చాలా ఏళ్లపాటు తెలుగు సినిమాలో మన ఉత్తరాంధ్ర యాసలో "ఏటి", "నానేటి సేసినాను" అన్న మాట వినబడిందంటే ఆ పాత్ర పనిమనిషో, అమాయకుడో, నవ్వులకోసం పెట్టిన మనిషో అయ్యేది. అదే ఊళ్లో పుట్టినట్టు చూపించిన హీరో మాత్రం పుస్తకాల తెలుగు మాట్లాడేవాడు. శ్రీకాకుళం పిల్లలు ఆ సినిమాలు చూసి, హైదరాబాదులో హాస్టల్ గదిలో నోరు విప్పడానికి జంకడం నాకు తెలుసు. ఎవరూ "ఈ మాట తక్కువది" అని డైలాగు రాయలేదు. ఎవరి నోట ఆ మాట పెట్టారన్నదే ఆ పని చేసింది.

అందుకే 'పలాస 1978' (2020), 'తండేల్' (2025) లాంటివి వచ్చినప్పుడు మేం కథ కన్నా ముందు యాస గురించి మాట్లాడుకున్నాం. మొదటిదాంట్లో కులం వల్ల అణిగి ఉన్నవాళ్ల కోపం ఈ మాటలోనే వస్తుంది. రెండోది 2018లో పాకిస్తాన్ అధికారులకు చిక్కిన మన వైపు మత్స్యకారుల నిజ ఘటన ఆధారంగా తీసింది. అందులో ప్రేమా బాధా కూడా ఈ మాటలోనే చెప్పుకుంటారు. నటుల ఉచ్చారణ ఎంత సరిగ్గా ఉందన్నది వేరే చర్చ. ఎచ్చెర్ల వాళ్లకూ ఇచ్ఛాపురం వాళ్లకూ ఆ విషయంలో ఎప్పటికీ కుదరదు. హీరో హీరోయిన్లు ఆ మాట మాట్లాడినప్పుడు హాల్లో ఎవరూ నవ్వలేదన్నది నాకు ముఖ్యం.

కథ, కథనం అంటారు. రెండూ ఒకటే కాదా?

జరిగిన వరస కథ. మనకు చెప్పిన వరస కథనం. పక్కన విశాఖలో తీసిన 'కేరాఫ్ కంచరపాలెం' (2018) దీనికి మంచి పాఠం. ముగింపు చెప్పేస్తున్నాను, చూడనివాళ్లు తర్వాతి ప్రశ్నకు వెళ్లండి. బడి వయసు, పడుచు వయసు, నడి వయసు, పెళ్లి కాకుండా మిగిలిపోయిన వయసు, ఇలా నాలుగు ప్రేమకథలు కలిసి నడుస్తాయి. నాలుగూ ఒకే కాలంలో ఒకే పేటలో నలుగురు మనుషులకు జరుగుతున్నాయనుకుంటాం. చివరికి నాలుగూ ఒకే మనిషివని తెలుస్తుంది.

వరసగా చెప్పి ఉంటే దురదృష్టవంతుడి జీవితచరిత్ర అయ్యేది, మూడోసారికి మనకే విసుగొచ్చేది. పక్కపక్కన చెప్పడంతో రెండు జరిగాయి. ప్రతి ప్రేమనూ మొదటి ప్రేమంత ఆశగా చూశాం. ఆఖర్లో మొత్తం భారం ఒక్కసారిగా ఒకే మనిషి మీద పడింది. మతం, కులం, డబ్బు, నలుగురేమంటారో అన్న భయం, ఇవన్నీ ఒక పేటలో తలా ఒకరికి తగిలిన దెబ్బలనుకున్నవి ఒక్కడికే తగిలాయని తెలిసినప్పుడు, ఆ పేటను మళ్లీ మొదటి నుంచి తలుచుకోవాల్సి వస్తుంది. రెండోసారి చూడండి. దర్శకుడు ఎక్కడా అబద్ధం చెప్పలేదు, కాలం గురించి మాత్రం గుట్టుగా ఉన్నాడు.

ఒక సినిమా ఎవరి పక్షాన ఉందో ఎలా తెలుస్తుంది?

విజయనగరంలో కూర్చుని బొబ్బిలి యుద్ధం సినిమాలు చూస్తే చప్పున తెలుస్తుంది. 1757లో జరిగిన ఆ యుద్ధంలో విజయనగరం రాజు విజయరామరాజు, ఫ్రెంచి సేనాని బుస్సీ ఒకవైపు, బొబ్బిలి కోట ఒకవైపు. 1964లో ఎన్.టి. రామారావుతో వచ్చిన 'బొబ్బిలి యుద్ధం', 1986లో కృష్ణంరాజుతో వచ్చిన 'తాండ్ర పాపారాయుడు', రెండూ బొబ్బిలి పక్షమే. ఓడిపోయిన కోట కథలో త్యాగముంది, కన్నీళ్లున్నాయి, కాబట్టి అది సహజం. కానీ మా కూటమిలో విజయనగరం వాళ్లూ బొబ్బిలి వాళ్లూ పక్కపక్కనే కూర్చుంటారు, అందుకని ఈ చర్చ వేడిగా ఉంటుంది.

పక్షం తెలుసుకోవడానికి నేను చెప్పే గుర్తులివి. ఎవరి ఇంటి లోపలికి కెమెరా వెళ్లింది? ఎవరు భార్యాబిడ్డలతో కనిపించారు, ఎవరు దర్బారులోనో గుర్రం మీదో మాత్రమే కనిపించారు? ఒంటరిగా ఆలోచించుకునే క్షణం ఎవరికిచ్చారు? ఈ ప్రశ్నలు ఏ సినిమాకైనా వేయొచ్చు. పోలీసు సినిమాలకు తప్పకుండా వేయండి. లాకప్‌లో ఉన్నవాడి ఇంటికి కెమెరా ఎప్పుడైనా వెళ్లిందా?

చూపించని వాటికి కూడా అర్థం ఉంటుందా?

ఉంటుంది. 'మాయాబజార్' మహాభారతం కథ, అందులో పాండవులు ఒక్కసారీ తెర మీదికి రారు. చాలామంది ఇన్నిసార్లు చూసి కూడా గమనించరు. రాజ్యం, జూదం, అవమానం ఉన్న ఆ పెద్ద కథ అంతా బయట ఎక్కడో జరుగుతూ ఉంటే, తెర మీద పెళ్లింటి సందడి జరుగుతుంది.

విజయనగరం నాటకాల ఊరు. నాటకం చూసే కన్ను సినిమాకు పనికొస్తుందా?

చాలా. గురజాడ 'కన్యాశుల్కం' మొదటిసారి 1892లో ఇక్కడే ఆడారు. నాటకం విజయనగరంలో బొంకులదిబ్బ దగ్గర గిరీశం తనలో తాను మాట్లాడుకోవడంతో మొదలవుతుంది. రంగస్థలం మీద ఆ స్వగతం మనకే చెబుతున్నట్టుంటుంది, మోసగాడని తెలిసి కూడా మనం అతని జట్టులో చేరిపోతాం. 1955లో పి. పుల్లయ్య దర్శకత్వంలో సినిమాగా వచ్చినప్పుడు గిరీశం రామారావు, మధురవాణి సావిత్రి. ఇక్కడొక చిక్కు. రంగస్థలం మీద ఎవరిని చూడాలో ప్రేక్షకుడే ఎంచుకుంటాడు. గిరీశం మాట్లాడుతున్నా మీరు మధురవాణి ముఖం చూడొచ్చు. సినిమాలో ఆ ఎంపిక ఎడిటర్ చేతిలో ఉంటుంది. నాటకంలో మీ కంటికి ఇష్టమైన క్షణం సినిమాలో ఎవరి ముఖం మీద ఉందో పోల్చండి, తీసినవాళ్లు కథను ఎవరిదనుకున్నారో తెలుస్తుంది.

శ్రీకాకుళం జిల్లాలో పుట్టిన జె.వి. సోమయాజులు, ఆయన తమ్ముడు రమణమూర్తి 'కన్యాశుల్కం' ఏళ్ల తరబడి ఆడారు. రమణమూర్తి గిరీశం పేరు మోసినది. అన్నగారిని 'శంకరాభరణం' (1980)లో దేశమంతా చూసింది. చివరి వరసకు కూడా అందేలా గొంతెత్తడం అలవాటైన మనిషి, కెమెరా ముందు ఎంత తక్కువ చేశాడో చూడండి.

ఇవన్నీ దర్శకుడు నిజంగా ఆలోచించే పెట్టాడంటారా? మీరే ఊహించుకుంటున్నారేమో?

ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు, అడగాలి కూడా. షూటింగులో చాలావి తొందరలో, డబ్బు చాలక, వాన పడి, నటుడు రాక జరిగిపోతాయి. అయినా తెర మీద మిగిలింది మన మీద పనిచేస్తుంది. దర్శకుడి మనసులో ఏముందో మాకు తెలియదు, మేం దాని గురించి మాట్లాడం. తెర మీద ఉన్నదాని గురించే మాట్లాడతాం.

అలాగని ఏదైనా చెప్పొచ్చని కాదు. మీరు చెప్పే అర్థానికి తెర మీద రుజువు చూపించాలి. ఒక్క షాట్ చూపిస్తే అది అనుమానం. సినిమా పొడుగునా మూడు నాలుగుచోట్ల అదే వస్తుంటే నమ్ముతాం. మీ మాటకు ఎదురుగా నిలిచే సీను ఉంటే అది కూడా మీరే చెప్పండి.

రంగులకు అర్థాలుంటాయా? ఎరుపంటే కోపమేనా?

మనకు ఎరుపు పెళ్లి, పసుపు కుంకుమ, ఎర్రజెండా, రక్తం. ఏదో ఒకటి ఆ సినిమానే చెప్పాలి. 'మాయాబజార్'కు 2010లో రంగులు వేశారు. వీలైతే ఒక సీను రెండు రకాలుగానూ చూడండి. నలుపు తెలుపులో మీ కన్ను ముందు వెలుగు మీదికి పోతుంది. రంగుల్లో చీర మీదికి, నగల మీదికి పోతుంది. నాకు పాతదే ఇష్టం.

ఫోన్లో చూస్తే చాలదా?

మళ్లీ మళ్లీ ఆపి చూడటానికి ఫోన్ మంచిదే. మొదటిసారి మాత్రం పెద్ద తెర మీద చూడండి. తెలుగులో మొదటి సినిమాస్కోప్ చిత్రం 1974లో వచ్చిన 'అల్లూరి సీతారామరాజు'. అంత వెడల్పు తెర కోసం పెట్టిన మనుషులు ఫోన్లో చీమలైపోతారు. రీల్స్ కోసం నిలువుగా కోసిన ముక్కలనైతే అసలు విశ్లేషించొద్దు. రెండు పక్కలా ఉన్నది పోయాక అది వేరే ఫ్రేము.

కాలేజీలో వ్యాసం రాయమన్నారు. ఎలా రాయాలి?

"ఈ సీనులో ఛాయాగ్రహణం అద్భుతంగా ఉంది, దర్శకుడు భావోద్వేగాలను చక్కగా పండించాడు" అని రాస్తే ఆ వాక్యం ఏ సినిమాకైనా సరిపోతుంది, కాబట్టి ఏ సినిమా గురించీ ఏమీ చెప్పదు. ఇలా రాయండి: "తండ్రి గడప దాటి వచ్చినా కెమెరా బయటే ఉండిపోయింది. గొడవంతా కిటికీ ఊచల్లోంచి చూస్తాం, మాటలు సగమే వినబడతాయి. అప్పటిదాకా ప్రతి సీనులో ఇంటి లోపలే ఉన్న కెమెరా మొదటిసారి బయట నిలబడటంతో, ఆ ఇంట్లో కూతురికి ఇక చోటు లేదని గొడవ ముగియకముందే మనకు తెలుస్తుంది." ఇది నేను కల్పించిన సీను. చూసింది, అది ఎలా మారింది, దానివల్ల ఏం తెలిసింది అన్న మూడూ అందులో ఉన్నాయి. కథ మొత్తం తిరిగి చెప్పొద్దు. మాస్టారికి కథ తెలుసు.

తీయకుండా చూడటం నేర్చుకోవచ్చా?

నేర్చుకోవచ్చు, తీస్తే తొందరగా వస్తుంది. దసరా వెళ్లాక వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి మేం పిల్లలకు ఒక పని ఇస్తాం. సిరిమాను, అంటే కొనన పూజారి కూర్చున్న పొడవాటి చెట్టుమాను, గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. దాన్ని ఒక నిమిషంలో, ఎక్కువలో ఎక్కువ ఎనిమిది షాట్లలో చెప్పాలి. మొదటిసారి తీసినవాళ్లంతా మాను కొననే తీసుకొస్తారు, ఒక్కటే ఎత్తు, ఒక్కటే దూరం. రెండో ఏడు నుంచి మార్పు కనిపిస్తుంది. ఒకమ్మాయి మానును అసలు చూపించకుండా, మేడల మీదా గోడల మీదా కూర్చున్నవాళ్ల తలలు ఒకేసారి తిరగడం మాత్రమే తీసింది. ఇంకొకడు జనంలో అరటిపళ్లు పట్టుకుని నిలబడ్డ తన నాయనమ్మ చేతుల మీదే ఉండిపోయి, చివరి షాట్‌లో మాను నీడను ఆ చేతుల మీదుగా పోనిచ్చాడు. ఎవరి పండగ తీశారన్నది రెండిట్లోనూ వేరు.

ఈసారి మీరూ తీయండి. తీసే ముందు ఎనిమిది షాట్లూ కాగితం మీద గీసుకోండి. జనంలో తోసుకుని ముందుకెళ్లొద్దు, తాడు దగ్గరకు అసలు వెళ్లొద్దు. పక్కవాళ్ల ముఖాలు దగ్గరగా తీసేటప్పుడు వాళ్లను అడిగి తీయండి. ఆ తర్వాతి ఆదివారం పట్టుకురండి, అందరం కలిసి చూద్దాం.